76.4 నుంచి 68.9: ఇరవై ఆరు వారాల నోట్‌బుక్

మా వాడి పాత రఫ్ నోట్‌బుక్‌లో మిగిలిన కాగితాల మీద నా బరువు తగ్గే లెక్కంతా రాసుకుంటూ వచ్చాను. ప్రతి సోమవారం పొద్దున, చాయ్ తాగకముందు, అదే నైటీలో బరువు. నెలకోసారి బొడ్డు దగ్గర టేపు. నాకు 42 ఏళ్ళు, ఎత్తు 157 సెంటీమీటర్లు. ఉండేది హనుమకొండలో, పాఠాలు చెప్పేది హసన్‌పర్తి వైపు ఒక హైస్కూల్లో. ఇంట్లో నలుగురం: నేను, మా ఆయన, ఇంటర్ చదివే కొడుకు, అత్తమ్మ.

జూలై మూడో వారం. 76.4 కిలోలు, నడుము 98 సెంటీమీటర్లు. బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క, వేస్తే 31. మన దేశపు వాళ్ళకి 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. ఆడవాళ్ళకి నడుము 80 దాటకూడదంటారు. అంటే నేను గీత దాటి చాలా దూరమే వచ్చేశాను.

మొదలుపెట్టకముందు రక్తపరీక్షలు చేయించాను. ఇన్నేళ్ళూ "నాకు థైరాయిడ్ ఉండొచ్చు" అని నెట్టుకొచ్చాను కదా, రిపోర్టు చూస్తే థైరాయిడ్ శుభ్రంగా ఉంది. ఆ సాకు ఆ రోజే పోయింది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం 6.1. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ గడప దగ్గర నిలబడ్డట్టు. మా నాన్నకి షుగర్. డాక్టర్ గారు మందేమీ రాయలేదు, "మూడు నెలల తర్వాత మళ్ళీ చేయిద్దాం, ఈలోగా బరువు తగ్గండి" అన్నారు.

రెండేళ్ళ క్రితం బరువు తగ్గించే పొడి కథ కూడా ఒకటి నడిచింది. పొద్దున ఒక షేక్, రాత్రి ఒక షేక్, నెలకి నాలుగున్నర వేలు. పేరు వద్దులెండి. నెలలో మూడు కిలోలు తగ్గాను, మానేశాక నాలుగు నెలల్లో ఐదు పెరిగాను. అందుకే ఈసారి డబ్బా కొనకూడదు, నేను వండుకునే తిండితోనే చేయాలి అనుకున్నా. "క్లీన్ ఈటింగ్ మొదలుపెడుతున్నా అత్తమ్మా" అంటే ఆమె నా వైపు వింతగా చూసి, "అంటే ఇన్ని రోజులు కడుక్కోకుండ తిన్నమా?" అంది.

మొదటి వారం ఏమీ మార్చలేదు. తిన్నదంతా రాశాను, అంతే. ఇరవై గ్రాముల తేడా కూడా చూపే వంటింటి తూకం ఒకటి కొన్నాను. ఈ మొత్తం పనిలో నిజంగా పనికొచ్చిన వస్తువు అదొక్కటే. రాసింది చూస్తే నవ్వొచ్చింది. మధ్యాహ్నం అన్నం వండకముందు లెక్కన 130 గ్రాముల బియ్యం, రాత్రి ఇంకో 110. చాయ్ మూడు సార్లు, ఒక్కోదానికి రెండు చెంచాల చక్కెర. కూర మాత్రం అన్నం కలుపుకోవడానికి సరిపోయేంత. ప్లేటులో అన్నం గుట్టలా ఉంటే, ఆ గుట్ట పక్కన వాగు లాగా ఇంత పప్పు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఒక రోజు పళ్ళెం లెక్క ఇచ్చింది. 2,000 కేలరీలు తినేవాళ్ళకి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులూ గుడ్లూ మాంసం కలిపి 85, కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27, పాలూ పెరుగూ 300 మిల్లీలీటర్లు. నాది బరువు తగ్గే పని కాబట్టి ధాన్యం 150కి, నూనె 20కి దించుకున్నాను, కూరగాయలు అలాగే ఉంచాను. రోజుకి దాదాపు 1,600 కేలరీలు. వెయ్యి కంటే కిందికి పోవద్దనీ, వారానికి అర కిలో తగ్గితే చాలనీ వాళ్ళే చెప్పారు. ఈ రెండు మాటలూ ఆ పొడి అమ్మినాయన చెప్పలేదు.

నలుగురికి రోజుకి 400 గ్రాముల చొప్పున అంటే కిలో ఆరొందలు. ఆదివారం నేను రెండు సంచులు మోసుకొస్తే అత్తమ్మ గుమ్మంలోనే ఆపింది. "గిన్ని కూరగాయలా? మనం తినేటోళ్ళమా, మేసేటోళ్ళమా?"

రెండో వారంలో మా ఇద్దరికీ చిన్న గొడవ. నేను అన్నం చాలన్నాక కూడా ఆమె గరిటె ఆగదు. "ఇంకింత ఏస్కో బిడ్డా, గింతకే ఏమైతది?" అంటూ వేసేస్తుంది. ఒక రోజు బడి నుంచి తలనొప్పితో వచ్చి ఉన్నాను, చెయ్యి అడ్డం పెట్టి కొంచెం గట్టిగా "వద్దన్నా కదా" అన్నా. ఆమె గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికి పోయింది. రాత్రి అన్నం తినలేదు. మా ఆయన నన్నొకసారి, తలుపునొకసారి చూసి టీవీ సౌండ్ పెంచాడు.

రెండు రోజులు ఆలోచించాను. ఆమెకి వడ్డించడమంటే ప్రేమ. ఆ పని గుంజుకుంటే ఆమె చేతిలో ఏం మిగులుతుంది? మూడో రోజు పొద్దున మా నెల నూనె లెక్క ఆమె ముందు పెట్టాను. మాకు నెలకి ఆరు ప్యాకెట్లు అయ్యేవి. మనిషికి 27 గ్రాముల చొప్పున నలుగురికి నెలకి మూడుంపావు కిలోలు, అంటే మూడున్నర లీటర్లు. "అత్తమ్మా, నూనె డబ్బా నీది. నెలంతా ఎట్ల ఎల్లదీస్తవో నీ ఇష్టం. నేను అడిగినా ఇయ్యకు" అన్నాను.

తప్పు చేశానేమో అని తర్వాత అనిపించింది, ఎందుకంటే ఆమె నాకంటే స్ట్రిక్ట్. నాలుగు వారాలకి నాలుగు సీసాల్లో నూనె పోసి, మూతలకి దారం కట్టి అరలో పెట్టింది. మూడో వారం సీసా గురువారానికే అయిపోతే శుక్ర, శని, ఆది మూడు రోజులూ పచ్చిపులుసు, ఉడకబెట్టిన గుడ్లు, పుంటికూర పప్పు. మా వాడు పకోడీలడిగితే "నాలుగో సీసా సోమవారం దాక ముట్టేది లేదు" అంది. అన్నం విషయం మళ్ళీ ఎత్తలేదు. నా ప్లేటులో ఇప్పుడు ఆమే ముందు కూర వేస్తుంది.

నాలుగో వారం 74.9.

జొన్నరొట్టె గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే అందరూ అడిగేది అదే. రొట్టె తింటే బరువు తగ్గుతుంది అనేది సగం మాటే. వంద గ్రాముల జొన్నలకి 330 కేలరీల పైన, బియ్యానికి 350 పైన. తేడా ఇరవయ్యే. కానీ పీచు జొన్నల్లో పది గ్రాములుంటే, తెల్లబియ్యంలో మూడు కూడా ఉండదు. అన్నం మూడుసార్లు పెట్టించుకున్న మనిషిని నేను, రెండు రొట్టెలు నమిలేసరికి దవడలే చాలంటాయి. రొట్టెకి యాభై గ్రాముల పిండి, రాత్రికి రెండు. నాలుగు తింటే మళ్ళీ అన్నం తిన్నట్టే.

చేయడం నేర్చుకోవడానికి నెల పట్టింది. మొదట్లో అంచులన్నీ వేసవి చెరువు లాగా పగిలిపోయేవి. నీళ్ళు మసలాలి, అందులో సగం పిండి వేసి కలిపి మూత పెట్టి, చెయ్యి పెట్టగలిగే వేడి ఉన్నప్పుడే మిగతా పిండితో గట్టిగా మెదపాలి. పెనం మీద వేశాక పైన తడిబట్టతో రాయాలి. ఇవన్నీ చేసినా పగులుతుంటే అత్తమ్మ పిండి డబ్బా వాసన చూసి, "ఇది ఎప్పటి పిండి?" అంది. నెల దాటింది. అప్పటినుంచి రెండు వారాలకి సరిపోయేంతే గిర్నిలో పట్టిస్తున్నా. పాత పిండికి జిగురు పోతుంది, ఎంత మెదిపినా అంతే.

నడకలో ఒక పొరపాటు చేశాను. మొదటి రోజే ఫోన్‌లో పదివేల అడుగులు పెట్టుకుని వడ్డెపల్లి చెరువు కట్ట మీద వడివడిగా నడిచాను, అది కూడా పాత చెప్పులతో. పదో రోజుకి పొద్దున మంచం దిగి మడమ నేల మీద పెడితే మేకు దిగినట్టుంది. పన్నెండు రోజులు బంద్. తర్వాత కుషన్ ఉన్న బూట్లు కొని, నాలుగు వేల అడుగులతో మొదలుపెట్టి వారానికి ఐదొందలు పెంచుకుంటూ పోయాను. ఇప్పుడు ఎనిమిది వేలు, అక్కడే ఉంచాను. వారానికి మూడు రోజులు కుర్చీలోంచి చేతులు పట్టకుండా పదిహేను సార్లు లేవడం, అలాంటివి మూడు విడతలు. రెండు లీటర్ల నీళ్ళ సీసాలతో భుజాలకి పని. అంతకు మించి జిమ్ ఏమీ లేదు.

కట్ట మీదే ఇద్దరు అక్కలు దొరికారు. ఒకరు రిటైరైన నర్సు, ఇంకొకరు నక్కలగుట్టలో టైలర్. ముగ్గురం సోమవారం పొద్దున తూకం ఫొటో పంపుకుంటాం. ఒప్పందం ఒకటే: పెరిగినా పంపాలి, ఎవరూ ఓదార్చకూడదు, ఎవరూ సలహా ఇవ్వకూడదు. బొటనవేలు గుర్తు పెట్టి వదిలేయాలి. "నువ్వు చేయగలవు" అని రోజూ పూల బొమ్మలు పంపే బంధువుల గ్రూపు కంటే, ఐదున్నరకి గేటు ముందు స్కూటీ హారన్ కొట్టే టైలరక్క వల్లే నేను ఎక్కువ రోజులు లేచాను. వర్షం పడ్డా ఆమె హారన్ కొడుతుంది, అదొక బాధ.

ఎనిమిదో వారం 72.8. తర్వాత బండి ఆగిపోయింది. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు: 72.6, 72.9, 72.8, 72.7.

బతుకమ్మ మీదికి నెట్టాను. సద్దుల రోజు పద్మాక్షి గుట్ట దగ్గర ఐదు రకాల సద్దులు, మలీద తిన్నమాట నిజమే. దసరాకి మటన్ కూడా. కానీ ఆ తొమ్మిది రోజులూ ఆడిన ఆటకి ఫోన్‌లో రోజుకి పన్నెండు వేల అడుగులు దాటాయి. పండుగ రెండు వారాల్లో అయిపోయింది, బరువు నాలుగు వారాలు కదలలేదు. నర్సక్క ఒప్పందం తప్పి ఒక్క ప్రశ్న అడిగింది: "రాయకుండా తింటున్నదేమన్నా ఉందా?"

ఉంది. స్టాఫ్‌రూమ్‌లో నాలుగింటికి వేయించిన పల్లీలు. చాయ్‌లో చక్కెర మానేశాక నోరు ఊరుకోక అలవాటైంది. పల్లీలు మంచివే కదా అని నోట్‌బుక్‌లో ఎక్కించలేదు. తూకంలో వేస్తే నా పిడికిలి 30 గ్రాములు. మాటల్లో మూడు పిడికిళ్ళు పోతాయి. వంద గ్రాముల పల్లీలకి 500 కేలరీల పైనే కాబట్టి నేను రోజూ ఒక పూట భోజనం నిలబడి తినేస్తున్నా. ఇప్పుడు ఇరవై గ్రాములు చిన్న డబ్బాలో తీసుకెళ్తున్నా. తోటి టీచర్లు ఆ డబ్బా చూసి నవ్వుతారు, తర్వాత అందులోంచే తింటారు.

పద్నాలుగో వారంలో మళ్ళీ పరీక్ష. హెచ్‌బీఏ1సీ 5.8. పదహారో వారం 71.2, ఇరవయ్యో వారం 70.3.

నవంబరులో ఒక సాయంత్రం ముసురు పట్టింది, అత్తమ్మ సర్వపిండి పెట్టింది. మామూలుగా ఆమె సర్వపిండి అంటే గిన్నె అడుగున నూనె మడుగు. పిండి అద్ది, వేళ్ళతో చిల్లులు పెట్టి, ఆ చిల్లులన్నీ నిండేదాకా పోస్తుంది. ఈసారి ఆమె సొరకాయ తురిమి, బియ్యప్పిండిలో సగం జొన్నపిండి కలిపింది. నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లిగడ్డ, కరివేపాకు అన్నీ మామూలే. చెంచాతో నూనె తీసుకుని, ఒక్కో చిల్లులో రెండు చుక్కలు, మందు పోసినట్టు పోసింది. మూత పెట్టి సన్నమంట మీద ఇరవై నిమిషాలు. సొరకాయ తడికి మెత్తగా కాలింది, అడుగు మాత్రం ఎర్రగా కరకరలాడింది. నేను పావు ముక్క తిని ఆగాను. మా ఆయన ముప్పావు తిన్నాడు. ఆయన బరువు సంగతి ఈ నోట్‌బుక్‌లో లేదు.

సంక్రాంతి ముందు సోమవారం 68.6. పరకాల నుంచి అమ్మ సకినాల డబ్బా పంపింది. నాలుగు సకినాలు తూస్తే 70 గ్రాములు. నూనెలో కాలినవి కదా, నా రాత్రి రెండు రొట్టెలంత లెక్క వస్తుంది. రోజుకి నాలుగు, ఐదు రోజులు, రాసుకునే తిన్నాను. ఆ పై సోమవారం 69.3. ఫొటో పంపాను, రెండు బొటనవేళ్ళు వచ్చాయి.

నిన్న పొద్దున 68.9. నడుము 90. ఇంకా పది సెంటీమీటర్లు పోవాలి.

వచ్చే వారం మేడారం జాతర. అత్తమ్మ నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువంత బెల్లం, మొక్కుకుంది, నా పేరు మీద. బెల్లం దుకాణంలో తూకానికి నన్నే తీసుకుపోతుందట. "పోయిన జాతరకంటె ఏడు కిలోల బెల్లం మిగులుతది" అని ఇప్పటికే వాడకట్టంతా చెప్పేసింది.