అంబాసిడర్‌కి కరెంటు స్టీరింగ్ కాలమ్: బ్రాకెట్ దగ్గరే సగం పని

అంబాసిడర్ స్టీరింగ్ బరువుగా ఉందని పాత కాలమ్ (స్టీరింగ్ కింద ఉండే షాఫ్టు, దాని గొట్టం) తీసి, మోటరు సాయంతో తిరిగే కరెంటు కాలమ్ పెట్టే పనిలోకి దిగేముందు, ముందు చక్రాలు రెండూ జాకీ మీద లేపి ఒకసారి తిప్పి చూడండి. చక్రాలు గాల్లో ఉన్నా బరువుగానే తిరిగితే జబ్బు వేరే చోట ఉన్నట్టు. రాక్‌లో (చక్రాలను పక్కకు తిప్పే పళ్ల కడ్డీ) ఆయిల్ ఎండిపోయి ఉండొచ్చు, రాక్ రబ్బరు బూట్లు చిరిగి దుమ్ము చేరి ఉండొచ్చు, ట్రనియన్లకు (ముందు చక్రాలు పక్కకు తిరిగే కీళ్లు) ఏళ్ల తరబడి గ్రీజు అంది ఉండకపోవచ్చు. వాటి మీద మోటరు పెట్టి తోయిస్తే చేతికి హాయిగానే ఉంటుంది గానీ లోపల అరుగుదల అలాగే సాగుతుంది. గాల్లో తేలికగా తిరిగి, నేల మీద మాత్రమే మొరాయిస్తే, అది కూడా వెడల్పాటి రేడియల్ టైర్లు వేశాక మొదలైతే, అప్పుడు కరెంటు కాలమ్ గురించి ఆలోచించొచ్చు.

రెండో ప్రశ్న, గేర్ ఎక్కడుంది? స్టీరింగ్ కాలమ్ మీద గేర్ ఉన్న బండి (హ్యాండ్ గేర్) అయితే కాలమ్ తీసిన రోజే గేర్ లింకేజీ కూడా పోతుంది. అప్పుడు గేర్‌బాక్స్, టన్నెల్ (గేర్‌బాక్స్ మీద ఉబ్బిన ఫ్లోర్ రేకు) కటింగ్, క్లచ్ అంటూ పని మూడింతలవుతుంది. నన్నడిగితే హ్యాండ్ గేర్ బండిని అలాగే ఉంచి రాక్, ట్రనియన్లు, టైర్లు సరిచేసుకోవడం మేలు. 1990ల్లో వచ్చిన ఇసుజు 1800 ఇంజన్ బండ్లలో గేర్ కిందే ఉంటుంది కాబట్టి వాటికి ఈ పని సూటిగా అవుతుంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా కింద గేర్ ఉన్న బండి గురించే.

కాలమ్ ఎక్కువగా దొరికేది ఇప్పేసిన చిన్న కార్ల నుంచి. వ్యాగన్ఆర్, ఆల్టో, ఐ10 లాంటి వాటిలో మోటరు కాలమ్‌కే అతికి ఉంటుంది. వరంగల్ ఆటోనగర్‌లో దొరక్కపోతే హైదరాబాద్ పుత్లీబౌలి వైపు అడగాలి. ఒట్టి కాలమ్ కొనుక్కుని రావద్దు. దాని ఈసీయూ (మోటరును నడిపే కంప్యూటర్ డబ్బా), రెండు వైపులా ప్లగ్గులు (వైరు కనీసం జానెడు వదిలి కోయించాలి), కింది యూజే షాఫ్టు (యూజే అంటే వంపులోనూ తిప్పుడును అందించే యూనివర్సల్ జాయింటు), పై బ్రాకెట్, తాళంచెవి, అన్నీ ఒకే బండివి కావాలి. ఈసీయూ వేరే మోడల్‌ది అంటగడితే టార్క్ సెన్సర్ (చెయ్యి ఎంత బలంగా తిప్పుతోందో కొలిచేది) లెక్క కుదరక మోటరు ఒక పక్కకే లాగొచ్చు.

ఎయిర్‌బ్యాగ్ పేలిన బండి కాలమ్ ఎంత చవకైనా వద్దు. ఈ కాలమ్‌లు గుద్దుడులో లోపలికి కుదించుకునేలా చేసినవి. షాఫ్టులో ప్లాస్టిక్ పిన్నులు, బ్రాకెట్ దగ్గర జారిపోయే క్యాప్సూళ్లు ఉంటాయి. ఒకసారి కుదించుకున్నది మళ్లీ పనికిరాదు. అదే మోడల్‌వి రెండు పక్కపక్కన పెట్టి పొడవు కొలిస్తే తెలిసిపోతుంది. పాత బండి షాఫ్టు ఒకే ఇనుప కడ్డీ, ఎదురుగా గుద్దితే సూటిగా డ్రైవర్ ఛాతీ మీదికి వస్తుంది. అమెరికాలో 1968 జనవరి నుంచి కార్లకు ఈ విషయంలో నిబంధనలు పెట్టింది అందుకే. కాబట్టి ఈ మార్పుతో వచ్చే అసలు లాభాల్లో కుదించుకునే కాలమ్ కూడా ఒకటి. అయితే ఆ లాభాన్ని మిస్త్రీలు రెండు దెబ్బలతో పోగొడతారు. స్టీరింగ్ రావట్లేదని షాఫ్టు కొస మీద సుత్తెతో కొడితే లోపలి పిన్నులు తెగుతాయి, పైకి ఏమీ కనపడదు. పుల్లర్ (స్టీరింగ్‌ను పైకి లాగే పనిముట్టు) లేకుండా స్టీరింగ్ ఊడదీయనివ్వద్దు. రెండోది, క్యాప్సూళ్లు వదులుగా ఉన్నాయని వాటిని వెల్డింగ్ చేయడం. అవి జారడానికే ఉన్నాయి.

పాతది విప్పేముందు మూడు కొలతలు రాసుకోండి: సీటు వీపు నుంచి స్టీరింగ్ మధ్యకు దూరం, ఫ్లోర్ నుంచి దాని ఎత్తు, కాలమ్ వాలు. వాలుకు ఫోన్‌లో లెవెల్ యాప్ చాలు. తర్వాత ఒక చివర నుంచి ఇంకో చివరకు ఎన్ని చుట్లో లెక్కపెట్టి సరిగ్గా సగంలో ఆపి, రాక్ పినియన్ (రాక్‌ను జరిపే పళ్ల షాఫ్టు) మీద, దాని హౌసింగ్ మీద పెయింటుతో ఒకే గీత గీయాలి. ఈ గీత లేకపోతే చివర్లో చక్రాలు నేరుగా, స్టీరింగ్ వంకరగా తేలుతుంది. బ్యాటరీ వైరు ఎలాగూ తీస్తారు కాబట్టి బాడీకి ఏ టెర్మినల్ కలిసిందో అప్పుడే చూసుకోండి. పాత కాలపు బ్రిటిష్ పద్ధతిలో ప్లస్ బాడీకి కలిసిన బండి అయితే ఈసీయూ పెట్టగానే కాలిపోతుంది.

ఇక బ్రాకెట్. మామూలు కాలమ్‌కి బ్రాకెట్ చేసేది మోయడమే. కరెంటు కాలమ్ సంగతి వేరు. మోటరు షాఫ్టును కుడికి తోస్తున్నప్పుడు అంతే బలంతో కాలమ్ గొట్టం ఎడమకు తిరగాలని చూస్తుంది. ఆ తిప్పుడును ఆపాల్సింది బ్రాకెట్టే. డ్యాష్ కింద రేకు దాదాపు 1 మి.మీ. మందమే, దానికి నాలుగు బోల్టులు వేసి వదిలేస్తే మొదటి రోజు బాగానే ఉంటుంది. నెల తిరిగేలోపు రేకు రంధ్రాలు కోలగా సాగి, పార్కింగ్‌లో తిప్పినప్పుడల్లా 'టక్' మంటుంది. స్టీరింగ్ మొత్తం వేలెడు మందం కదులుతుంటుంది, ఓనరేమో యూజే పోయిందనుకుని జాయింటు మారుస్తాడు. అందుకే రెండు ముందు పిల్లర్ల మధ్య అడ్డంగా ఒక గొట్టం వేయాలి. 38 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. గోడ ఉన్నది సరిపోతుంది. గొట్టం రెండు చివర్లా 3 మి.మీ. ప్లేట్లు, ఒక్కో ప్లేటు పిల్లర్‌కి కనీసం మూడు ఎం8 బోల్టులతో. కాలమ్‌తో వచ్చిన బ్రాకెట్‌ను ఈ గొట్టానికి చేసిన ప్లేటు మీద బిగించాలి. నేరుగా వెల్డ్ చేయొద్దు, రేపు విప్పాల్సి వస్తుంది. మోటరు డ్రైవర్ మోకాలికి తగలకుండా ఏ పక్కన ఉండాలో సీట్లో మనిషిని కూర్చోబెట్టి, క్లచ్ తొక్కించి చూశాకే ప్లేటుకు రంధ్రాలు కొట్టాలి.

షాఫ్టు విషయంలో మనవాళ్లకు వెల్డింగ్ అంటే భలే ధైర్యం. స్టీరింగ్ షాఫ్టును మధ్యలో కోసి అతికించడం మాత్రం వద్దు. అతుకు పక్కన ఇనుము పెళుసెక్కి, ఒకరోజు చెప్పకుండా తెగుతుంది. రెండు యూజేలు, మధ్యలో డబుల్ డీ ఆకారం (రెండు పక్కలా చదునుగా ఉండే) షాఫ్టు వాడటం సరైన దారి. పై యూజే పళ్లు కొత్త కాలమ్‌కి, కింది యూజే పళ్లు రాక్ పినియన్‌కి సరిపోవాలి. పళ్లు లెక్కపెట్టి, వ్యాసం వెర్నియర్‌తో కొలిచి ఆర్డరివ్వండి, 'దాదాపు పడుతుంది' అనేది ఇక్కడ చెల్లదు. లేతు షాపులో ముక్క ఏదైనా చేయించాల్సి వస్తే మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) కాకుండా ఈఎన్8 (అంతకంటే గట్టి ఉక్కు) రాడ్ అడగండి.

జాయింట్ల కోణం చూసుకోకపోతే ఎంత మంచి సామాను పెట్టినా తిప్పుడు నున్నగా ఉండదు. ఒక యూజే 30 డిగ్రీలు వంగి ఉంటే, మీరు స్టీరింగ్‌ను ఒకే వేగంతో తిప్పినా అవతలి షాఫ్టు 0.87 నుంచి 1.15 రెట్ల మధ్య ఊగుతూ తిరుగుతుంది. చేతికి అది చుట్టుకు రెండుసార్లు బరువు, రెండుసార్లు తేలికగా తెలుస్తుంది. రెండు యూజేల కోణాలు సమానంగా ఉండి, మధ్య షాఫ్టు రెండు చివర్ల ఫోర్కులు (యూజేల్లోని రెండు చెవుల ముక్కలు) ఒకే వరుసలో ఉంటే ఒకదాని ఊపును ఇంకోటి తినేస్తుంది. షాఫ్టును బల్ల మీద పెట్టి చూడండి: ఒక చివర ఫోర్కు చెవులు బల్లకు పడుకుని ఉంటే రెండో చివర చెవులూ పడుకునే ఉండాలి. ఒకటి పడుకుని ఇంకోటి నిలబడితే ఊపు పోదు సరికదా రెట్టింపవుతుంది. కోణం 30 లోపు ఉంచండి. మూడో యూజే వాడక తప్పకపోతే మధ్యలో షాఫ్టును పట్టుకునే సపోర్ట్ బేరింగ్ తప్పనిసరి, లేకుంటే షాఫ్టు తాడులా ఎగురుతుంది.

షాఫ్టును మొదట 2 మి.మీ. ఎక్కువ పొడవుతోనే కోయండి. కొస ఫోర్కు లోపలి అంచు వరకూ రావాలి, దాటి క్రాస్‌కు (జాయింటు మధ్యలోని ప్లస్ ఆకారం ముక్క) తగలకూడదు. బిగించే బోల్టు షాఫ్టు మీది గాడిలోంచి పోవాలి, అప్పుడే బోల్టు వదులైనా షాఫ్టు ఊడిరాదు. ఎం8, 8.8 గ్రేడ్ బోల్టుకు 25 న్యూటన్ మీటర్ల దగ్గర బిగింపు చాలు. సైలెన్సర్ పైపుకూ షాఫ్టుకూ మధ్య కనీసం 15 మి.మీ. ఖాళీ ఉంచాలి. ఇంజన్ రేస్ చేసినప్పుడు పక్కకు ఒరుగుతుంది కాబట్టి ఆగి ఉన్న బండి మీద కొలిచి సంతోషపడొద్దు.

వైరింగ్ తేలికే, ఆంపియర్లే ఎక్కువ. ఆగిన చోట పూర్తిగా తిప్పితే మోటరు 40 ఆంపియర్లు దాటి లాగగలదు. పాత డైనమో ఇచ్చేది 22 చుట్టూ, దానితో ఈ పని జరగదు. కనీసం 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఉండాలి. మేడారం జాతర ట్రాఫిక్‌లో ములుగు రోడ్డు మీద రాత్రిపూట లైట్లేసుకుని గంటల తరబడి పాకే బండిని ఊహించుకుని లెక్కేయండి. బ్యాటరీ నుంచి నేరుగా 10 చదరపు మి.మీ. వైరు, బ్యాటరీకి జానెడు లోపే ఫ్యూజు (కాలమ్ ఊడదీసిన బండిలో ఎన్ని ఆంపియర్లదో అన్నిదే), అదే మందంలో ఎర్త్ వైరు.

స్పీడు సిగ్నల్ మర్చిపోయేవాళ్లు ఎక్కువ. ఈసీయూకి బండి వేగం తెలియకపోతే కొన్ని మోడళ్లు సాయం ఆపేస్తాయి, కొన్ని ఎంత వేగంలోనైనా పార్కింగ్‌లో ఇచ్చినంత సాయం ఇస్తాయి. రెండోదే ప్రమాదం. ఎన్‌హెచ్ 163 మీద 80లో పోతుంటే వేలు కదిపినా బండి పక్కకు పోతుంది. అంబాసిడర్ స్పీడోమీటర్‌ది కేబుల్ కాబట్టి, ఆ కేబుల్ మధ్యలో దాని తిరుగుడును కరెంటు సిగ్నల్‌గా మార్చే పల్స్ సెన్సర్ ఒకటి కలపాలి.

అన్నీ బిగించాక ముందు ఫ్యూజు తీసి, చక్రాలు గాల్లో ఉంచి, ఆ చివర నుంచి ఈ చివరకు ఇరవై సార్లు తిప్పండి. మోటరు సాయం లేకుండా ఎక్కడా పట్టేయకూడదు. రోడ్డు మీద ఫ్యూజు పోతే మీ చేతిలో మిగిలేది ఈ స్టీరింగే. తర్వాత ఫ్యూజు వేసి నేల మీద, ఆపైన ఖాళీ గ్రౌండులో. వంపు తిరిగాక వదిలేస్తే స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావాలి, రాకపోతే షాఫ్టు ఎక్కడో ఒరుసుకుంటోంది.

కాగితాల సంగతి కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 బండి మార్పుల మీదే ఉంది కాబట్టి, పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడగండి. 50 ఏళ్లు దాటిన బండిని 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కిందికి తేవాలనుకుంటే అసలు రూపం ముఖ్యం. పాత కాలమ్, షాఫ్టు, స్టీరింగ్ అమ్మేయకుండా గ్రీజు పూసి దాచండి.

50 కిలోమీటర్లు తిరిగాక యూజే బోల్టులు, బ్రాకెట్ బోల్టులు మళ్లీ టార్క్ పానాతో చూసి, ఒక్కో దాని మీద పసుపు పెయింటు గీత పెట్టండి. సర్వీసుకు వచ్చినప్పుడల్లా ఆ గీతలు కలిసే ఉన్నాయో లేదో టార్చి వేసి చూస్తే సరిపోతుంది.