పదిన్నర సెంటీమీటర్లు

తెల్లవారుజామున నాలుగున్నరకు బావ ఎత్తైన తన ఎస్‌యూవీ తాళం నా చేతిలో పెట్టి, మామూలు ఎత్తుండే నా సెడాన్ కారు తాళం తీసుకున్నాడు. ఇదంతా అమ్మ మోకాళ్ల కోసం. ఏడాదిగా నా కారు ఎక్కాలన్నా దిగాలన్నా అమ్మకు అవస్థగానే ఉంది. సీటు బాగా కిందికి ఉంటుంది. తలుపు పట్టుకుని మెల్లగా వంగి, చివరికి కూలబడాలి. దిగేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యందించాల్సిందే. బావ బండి సీటేమో సరిగ్గా ఆమె తుంటి ఎత్తుకు ఉంటుంది. పక్కకు ఆనుకుని కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పుకుంటే సరిపోతుంది.

"నీ కారు అమ్మేసి ఇలాంటిది తీసుకోరా, అమ్మకి సుఖంగా ఉంటుంది" అని అక్క ఆరు నెలల నుంచి పోరుతోంది. నాకేమో ఆ కారంటే ప్రాణం. అందుకే కొండ మీదికి రెండు కుటుంబాలం వెళ్లాలనుకున్నప్పుడు నేనే అన్నాను: వెళ్లేటప్పుడు నేను ఎస్‌యూవీ నడుపుతాను, వచ్చేటప్పుడు నా కారు. దారి అదే, మనుషులూ వాళ్లే. ఆ తర్వాత మాట్లాడుకుందాం అని.

ఇలా పోల్చి చూసే అవకాశం అందరికీ దొరకదు. ఎందుకంటే ఈ రెండు బండ్లూ ఒక కంపెనీవే, ఒకే ప్లాట్‌ఫామ్ మీద, అంటే ఒకే అడుగు నిర్మాణం మీద తయారైనవి. రెండింటిలోనూ అదే 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 150 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం), ఆరు గేర్లు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం రెండింటికీ 2651 మి.మీ. టైరు వెడల్పు కూడా రెండింటికీ 205 మి.మీ. తేడా అల్లా ఆకారంలో. సెడాన్ ఎత్తు 1507 మి.మీ., ఎస్‌యూవీ ఎత్తు 1612 మి.మీ. అంటే పదిన్నర సెంటీమీటర్లు. చక్రం కూడా ఎస్‌యూవీకి ఒక అంగుళం పెద్దది. ఇంత కొద్ది తేడా మనిషికి తెలుస్తుందా అని బయల్దేరేముందు నాకూ అనుమానమే.

నాలుగు వరుసల రోడ్డెక్కాక మొదట తెలిసింది చూపులో తేడా. ముందు పోతున్న కారు పైకప్పు మీదుగా దాని ముందున్న కారు కూడా కనిపిస్తోంది. బ్రేకు లైట్లు రెండు కార్ల అవతల వెలిగినా నాకు తెలిసిపోతోంది, కాలు ముందే తేలికవుతోంది. నా కార్లో ముందు బండి వెనక అద్దమే నా లోకం. ఈ ఒక్క విషయంలో ఎస్‌యూవీకి సాటి లేదని మొదటి యాభై కిలోమీటర్లలోనే ఒప్పుకున్నాను. లారీ వెనక పడితే మాత్రం ఎవరి ఎత్తూ చాలదు.

దీనికి ఇంకో వైపు ఉంది. కాసేపటికి ఎనభైలో వెళ్తున్నాననుకుంటూ మీటరు చూస్తే నూట నాలుగు! కన్ను నేలకు ఎంత ఎత్తున ఉంటే పక్కన పరిగెత్తే రోడ్డు అంత నెమ్మదిగా కదిలినట్టు అనిపిస్తుంది. విమానం కిటికీలోంచి నేల ఎంత నిదానంగా జరుగుతుందో చూశాం కదా, అదే లెక్క, చిన్న మోతాదులో. ఆ తర్వాత నేను నా అంచనాను నమ్మలేదు, మీటరునే నమ్మాను. కొత్తగా ఎస్‌యూవీకి మారినవాళ్లకు ఈ మాట ఎవరైనా చెప్పాలి.

నది మీద పొడుగు వంతెన వచ్చింది. పక్క నుంచి గాలి కొడుతోంది. బండి ఎత్తుగా ఉంటే గాలికి దొరికే గోడ కూడా పెద్దదే. స్టీరింగు వేలెడంత అటూ ఇటూ సర్దుతూనే ఉండాల్సి వచ్చింది. ప్రమాదమేమీ లేదు, కానీ వంతెన దాటాక భుజాలు బిగుసుకుని ఉన్నాయని గమనించాను. తిరుగు ప్రయాణంలో అక్కడే, అంత గాలిలోనే నా కారు కూడా కదిలింది గానీ, సర్దాల్సిన పని సగం కూడా పడలేదు.

మైలేజీ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. రెండు ప్రయాణాల్లోనూ ట్యాంకు నిండా పట్టించి లెక్క చూశాం. ఎస్‌యూవీకి లీటరుకు 15.2 కి.మీ., సెడాన్‌కు 17.4 కి.మీ. వచ్చింది. పోయేటప్పుడు కొండ ఎక్కాం, వచ్చేటప్పుడు దిగాం కాబట్టి ఈ తేడా అంతా బండిదే అననుగానీ, కొంత గాలిదే. వేగం ఎనభై నుంచి వందకు పెరిగితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. ముఖం పెద్దదైన బండికి ఆ భారం ఇంకా ఎక్కువ.

పెద్దరోడ్డు వదిలి చిన్నరోడ్డులో పడ్డాక నా అంచనాలు తలకిందులయ్యాయి. గుంతల దారిలో ఎస్‌యూవీదే రాజ్యమని అందరం అనుకుంటాం. రెండు చక్రాలూ ఒకేసారి దిగే గుంతలో అది నిజమే. పెద్ద చక్రం అంచును తేలిగ్గా ఎక్కుతుంది, దెబ్బ మొద్దుగా వినిపించి ఊరుకుంటుంది. కానీ ఎడమ చక్రం ఒక్కటే గుంతలో పడినప్పుడు చూడండి. బండి కంటే మన తల ఎక్కువ ఊగుతుంది. ఎత్తైన బండి మలుపుల్లో మరీ వాలిపోకుండా సస్పెన్షన్‌ను కాస్త బిగువుగా పెడతారు. ఆ బిగువు వల్ల ఒక పక్క తగిలిన దెబ్బ బండి మొత్తాన్నీ పక్కకు తోస్తుంది. ఒక డిగ్రీ వంగితే మీటరు ఎత్తులో ఉన్న వస్తువు దాదాపు పదిహేడు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఎస్‌యూవీలో మన తల ఇంకా పైన ఉంటుంది కాబట్టి అది ఇంకాస్త ఎక్కువ ఊగుతుంది. వెనక సీట్లో పాప నిద్రపోతుంటే దాని తల కిటికీకి కొట్టుకోకుండా అమ్మ తన అరచెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది. అద్దంలో అది చూసి వేగం బాగా తగ్గించాను.

ఆ రోడ్డు మీదే ఒక దూడ అడ్డంగా వచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కాను. బండి ఆగింది, దూడ దాటిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ముక్కు కిందికి వంగిన తీరు నాకు అలవాటు లేనిది. చక్రాల మధ్య దూరం అంతే ఉన్నా బరువు కాస్త పైన ఉంటే, బ్రేకు వేసినప్పుడు ముందు చక్రాల మీదికి తోసుకొచ్చే భారం ఆ మేరకు పెరుగుతుంది. పుస్తకంలో ఒక వాక్యంగా చదివిన ఈ సంగతి ఆ రోజు సీటుబెల్టు ఛాతీకి అదుముకున్నప్పుడు తెలిసింది.

ఘాట్ రోడ్డు మొదలైంది. ఆరో హెయిర్‌పిన్ మలుపు దాటామో లేదో, "నాన్నా, కడుపులో తిప్పుతోందిరా, కాసేపు ఆపు" అంది అమ్మ.

పక్కన జాగా చూసి ఆపాను. నీళ్లు తాగి రాయి మీద కూర్చుంది. నాకు మనసు పాడైపోయింది. అమ్మ సుఖం కోసమే ఈ బండి తీసుకున్నాం కదా, అదే ఆమెను ఇబ్బంది పెట్టిందే అని. ఎక్కడ తప్పు జరిగిందో ఆలోచించాను. ఆ మలుపులు పాతిక మీటర్ల వ్యాసార్ధం ఉన్నాయనుకుందాం. గంటకు ముప్ఫైలో తిరిగితే మనల్ని పక్కకు నెట్టే బలం మన బరువులో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. నలభైలో తిరిగితే సగం. పది కిలోమీటర్లు పెంచితే నెట్టు దాదాపు రెట్టింపవుతోందన్నమాట. నేనేమో నా కార్లో అలవాటైన నలభైలోనే తిరుగుతున్నాను. కారులో ఆ నలభైకి తెలియని ఊపు ఇక్కడ తెలుస్తోంది. పైగా మలుపులోకి వెళ్లాక బ్రేకు వేసి, మధ్యలో వదిలేసి, మళ్లీ తొక్కుతున్నాను. ప్రతిసారీ బండి ఒకసారి ముందుకు వంగి, పక్కకు వాలి, మళ్లీ లేస్తోంది. వెనక కూర్చున్న మనిషికి ముందు సీటు తప్ప ఏమీ కనిపించదు. చెవి లోపలి భాగం ఊగుతున్నావంటుంది, కన్ను కదలడం లేదంటుంది. కడుపులో తిప్పేది ఈ తగువు వల్లే. నడిపేవాడికి రాబోయే మలుపు ముందే తెలుసు కాబట్టి అతన్ని ఇది పట్టుకోదు. అందుకే నడిపేవాళ్లం వెనకవాళ్ల బాధను అంత తేలిగ్గా మరిచిపోతాం.

మా ఆవిడ వెనక్కి మారింది, అమ్మ ముందు సీట్లోకి వచ్చింది. మలుపు రాకముందే వేగమంతా తగ్గించి, గేరు మార్చి, బ్రేకు మీది కాలు మెల్లగా వదిలి, స్టీరింగును ఒక్క కదలికలో తిప్పడం మొదలుపెట్టాను. బండి ఒకసారే వాలి, మలుపు పొడుగునా అలాగే నిలిచి, బయటికొచ్చాక లేస్తోంది. నాలుగైదు మలుపుల తర్వాత అమ్మ, "ఇప్పుడు బాగుంది. లోయ అంతా కనిపిస్తోంది" అంది. ఆ సీటు ఎత్తు నుంచి రోడ్డు పక్క ఇనప కంచె మీదుగా లోయ నిజంగానే కనిపిస్తుంది. పైకి చేరేదాకా ఆమె కిటికీ వైపు నుంచి కళ్లు తిప్పలేదు.

కొండ మీద రెండు రోజులు బాగా గడిచాయి. దిగేరోజు పొద్దున నా కారు తాళం చేతికొచ్చింది. బస ముందున్న వాలు దిగుతుంటే ముందు బంపరు కింది అంచు నేలను గీరింది. బాధనిపించింది. విచిత్రమేమిటంటే రెండు బండ్ల పొట్ట కింద ఖాళీలో తేడా తొమ్మిది మిల్లీమీటర్లే, 179, 188. గీరింది పొట్ట కాదు, ముక్కు. చక్రాల మధ్య దూరం రెండింటికీ అదే అయినా నా కారు మొత్తం పొడవు 34 సెంటీమీటర్లు ఎక్కువ. ఆ పొడవంతా చక్రాలకు ముందూ వెనకా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. వాలు మొదలయ్యే చోటా, ముగిసే చోటా అదే తగిలేది. డిక్కీలో 521 లీటర్ల జాగా ఉందని సామానంతా నా కార్లోనే నింపాం. దాంతో తోక కూడా కిందికి దిగింది. స్పీడ్ బ్రేకర్లను కాస్త ఏటవాలుగా దాటించాల్సి వచ్చింది.

ఇక ఘాట్ దిగడం. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

రెండో గేరులో పెట్టి, వేగాన్ని ఇంజనుకే వదిలేసి మొదటి మలుపులోకి దింపాను. స్టీరింగు తిప్పిన క్షణానికే కారు తిరిగింది. ఎస్‌యూవీలోనూ స్టీరింగు అంతే తేలిక, అంతే చురుకు. కానీ అక్కడ తిప్పాక బండి ముందు వాలుతుంది, వాలడం పూర్తయ్యాక తిరుగుతుంది. ఆ మధ్యలో ఒక రెప్పపాటు ఎదురుచూపు ఉంటుంది. ఇక్కడ అది లేదు. బయటి టైరు మీద భారం ఎంత పడుతోందో నడుముకు తెలుస్తోంది. రోడ్డు మీద సన్నని ఇసక ఎక్కడుందో అరచేతులకు తెలుస్తోంది. ఒక మలుపు నుంచి బయటికొచ్చి వెంటనే ఎదురు వైపు మలుపులోకి వెళ్లేటప్పుడు, బరువు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నిశ్శబ్దంగా ఒదిగిపోతుంది. మూడేళ్లుగా ఈ కారు నడుపుతున్నాను. అది నాకు ఇస్తున్నదేమిటో రెండు రోజులు వేరే బండి నడిపాకే తెలిసింది.

అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ బండి బోల్తా పడే అవకాశాన్ని అంచనా వేయడానికి ఒక సులువైన లెక్క వాడుతుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగించడమే. వచ్చే అంకె ఎంత పెద్దదైతే బోల్తా భయం అంత తక్కువ. మామూలు కార్లకు ఇది 1.3 నుంచి 1.5 మధ్య వస్తుంది, ఎత్తైన ఎస్‌యూవీలకూ ట్రక్కులకూ 1.0 నుంచి 1.3 మధ్య. బండి అదుపు తప్పబోతే తనంతట తానే బ్రేకు వేసి సర్దే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ వచ్చాక పరిస్థితి చాలా మెరుగైంది, రెండు బండ్లలోనూ అది ఉంది. అయినా నడుముకు తెలిసే ధైర్యం ఆ భాగహారం నుంచే వస్తుంది.

అమ్మ నా పక్కనే కూర్చుంది. కడుపులో తిప్పలేదు. "ఎలా ఉందమ్మా?" అన్నాను.

"ఊపు లేదురా. కానీ ఈ గోడ తప్ప ఏం కనపడట్లేదు."

ఆమె అన్నది నిజం. ఆ కూర్చునే ఎత్తు నుంచి ఇనప కంచె సరిగ్గా కంటికి అడ్డం వస్తుంది. నేను రోడ్డునే చూస్తాను కాబట్టి ఇన్నేళ్లూ అది గమనించనే లేదు.

కొండ దిగాక మధ్యాహ్నం ఒకచోట ఆగాం. అమ్మ దిగడానికి తలుపు చట్రం పట్టుకుని రెండుసార్లు లేవబోయి కూర్చుండిపోయింది. మూడోసారి నేను పరుగున వెళ్లి రెండు చేతులూ పట్టి లేపాను. నొప్పి ముఖంలో కనిపించింది. అక్క చూసింది గానీ ఏమీ అనలేదు.

బయల్దేరేటప్పుడు అమ్మను ఎస్‌యూవీ ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఎవరి సాయం లేకుండా ఎక్కింది. బావను పక్కకు తీసుకెళ్లి చెప్పాను. "బావా, మలుపు రాకముందే వేగం తగ్గించెయ్. లోపలికి వెళ్లాక బ్రేకు ముట్టుకోకు. అమ్మ కడుపు తట్టుకోదు."

"అంత తేడా ఉంటుందా?" అన్నాడు.

"ఉంటుంది. నేను చూశాను."

మిగిలిన అరవై కిలోమీటర్లూ వాళ్ల వెనకే నడిపాను. చెరువు గట్టు దగ్గర రోడ్డు ఎస్ ఆకారంలో తిరుగుతుంది. వాళ్ల బండి వెనక అద్దంలోంచి ముందు సీటు మీద అమ్మ తల కొంచెం కనిపిస్తోంది. మలుపుకు చాలా ముందే బావ బ్రేకు లైట్లు వెలిగాయి. మలుపులోకి దిగేసరికి మెల్లగా ఆరిపోయాయి. ఎత్తైన ఆ బండి ఒక్కసారే కొద్దిగా వాలి, అలాగే నిలిచి, రెండో మలుపులోకి తిరిగింది. అమ్మ తల గట్టు వైపు, నీళ్ల వైపు తిరిగి ఉంది.