రంగుల ఊలు రగ్గు, ముక్క ముక్కగా

రగ్గు మొత్తం ఒకేసారి సూదుల మీద ఎక్కిస్తే నెల తిరిగేసరికి ఒళ్లో బరువు, పైగా ఉక్క. చదరపు ముక్కలుగా అల్లుకోవడమే మేలు. డీకే మందం (మరీ సన్నమూ మరీ లావూ కాని) ఊలు, 4 మి.మీ. సూదులు, 40 కుట్లు. ప్రతి వరుసా నిట్ కుట్టే (అల్లికలో మామూలు కుట్టు). రెండు వరుసలకొక గట్టు లేస్తుంది. 40 గట్లు వచ్చాయంటే ముక్క చదరమైనట్టే, టేపు అక్కర్లేదు. ముక్క 20 సెం.మీ. వస్తే 42 ముక్కలకు 120×140 సెం.మీ. రగ్గు.

రంగు మార్చేది మంచివైపు వరుస మొదట్లోనే. వెనకవైపు మారిస్తే పాత రంగు చుక్కలు చుక్కలుగా పైకి కనబడుతుంది. దారం కొస 15 సెం.మీ. వదలండి, పొట్టిదైతే ఉతికినప్పుడు ఊడొస్తుంది.

అక్రిలిక్ అనే కృత్రిమ దారం కలపకండి (బజారులో దాన్నీ ఊలనే అమ్ముతారు). వేడినీళ్లకు ఊలు కుంచించుకుంటుంది, అది కుంచించుకోదు, రగ్గు ముడతలు పడుతుంది. అనుమానముంటే చిన్న పోగు కాల్చి చూడండి: ఊలైతే వెంట్రుక కాలిన వాసన, నలిగే బూడిద. అక్రిలిక్ కరిగి గట్టి పూస కడుతుంది.