మావాడు పంటర్ అవుతాడట

"తాతా, నేను పెద్దయ్యాక పంటర్ అవుతా" అన్నాడు మావాడు వీడియో కాల్‌లో. అటు భీమవరంలో మా నాన్న మొహం మాడిపోయింది. ఆయన పేపర్లో చదివే పంటర్లు వేరు, ఐపీఎల్ బెట్టింగ్ కేసుల్లో దొరికేవాళ్లు. "పిల్లాణ్ణి ఇలాగేనా పెంచేది?" అని నన్ను పట్టుకున్నారు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో మూడు డౌన్లలో, అంటే మూడు ప్రయత్నాల్లో, పది గజాలు సాగకపోతే, నాలుగోసారి ఇతనొచ్చి బంతిని వీలైనంత దూరం తన్ని అవతలివాళ్లకి అప్పజెప్తాడు నాన్నా అని చెప్పా. "అంటే అందరి వల్లా కాక చేతులెత్తేశాక వచ్చేవాడా?" అన్నారు. నా మనసులో మాటే అది. వాడి ముందు మాత్రం ఆయన మీద విసుక్కున్నాను.

అసలు గొడవ ఆదివారం తెలుగు క్లాసుది. ప్రాక్టీసు ఉంది, రానన్నాడు. భాష పోతే ఏం మిగులుతుందిరా అని పెద్ద ఉపన్యాసమే ఇచ్చా, సగం ఇంగ్లిష్‌లో. చిన్నప్పుడు నేను ట్యూషన్ ఎగ్గొట్టి క్రికెట్‌కి పోయిన సంగతి మాత్రం వాడికి ఇంతవరకూ చెప్పలేదు.

ఆ రాత్రి దొంగచాటుగా ఈ పంటర్ల సంగతి వెతికాను. జెఫ్ ఫీగల్స్ అని ఒకాయన. కాలేజీ ఆటగాళ్లని టీములు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు. 1988లో మొదలుపెట్టి 22 సీజన్లు, ఐదు టీములు, వరసగా 352 మ్యాచ్‌లు, ఒక్కటీ మానలేదు. 41 ఏళ్లకి సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, కూడా గెలిచాడు. మెయిల్‌లో 'రీస్ట్రక్చరింగ్' అన్న మాట కనిపిస్తేనే చెమటలు పట్టే నాకు కుళ్లు పుట్టింది. "స్థిరమైన ఉద్యోగమేనే" అన్నాను మా ఆవిడతో. లీగ్ మొత్తానికి టీములు 32, ఒక్కో టీముకు సాధారణంగా ఒక్కడే పంటర్ అన్నది మింగేశాను. ఐఐటీ సీటే నయం.

పొద్దున్నే మనసు మారింది. రే గై అంతటి పంటర్‌నే 1973లో డ్రాఫ్టు మొదటి రౌండ్లో తీసుకుని, మేటి ఆటగాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 2014లో గానీ రానివ్వలేదు, తెలుసా అని వాణ్ణి బెదరగొట్టబోయాను. "రానిచ్చారుగా" అన్నాడు షూ లేసులు కట్టుకుంటూ.

ఇప్పుడు ఆదివారాలు పెరట్లో బంతులు ఏరేది నేనే. ఆ కొసల బంతిని క్రికెట్ బంతిలా పట్టబోయి చిటికెన వేలు వాచింది. వాడు బంతిని రెండు చేతుల్లో తిప్పి, కుట్లు పైకి పెట్టి, పాదం మీదికి తిన్నగా వదులుతాడు. అది గాల్లో ఉన్నంతసేపు తెలుగులో లెక్కపెట్టాలని ఒప్పందం, క్లాసుకు బదులు. ప్రొఫెషనల్స్ తన్నినా ఐదు దాటడం కష్టమట. మావాడి తెలుగు ఇంకా మూడు దగ్గరే ఉంది.