పెంకులా మూసుకుపోయే జబ్బు

తమ్ముడు పోయిన సంక్రాంతికి బెంగళూరు నుంచి వస్తూ సంచీలో కొన్ని పుస్తకాలు పడేసుకొచ్చాడు. హిరోకి ఎండో గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, పేరు 'ఈడెన్'. "మొదటిది చదువక్కా, నచ్చకపోతే ఆపెయ్" అన్నాడు. మహమ్మారి కథ అని మాత్రం చెప్పలేదు. చెబితే ముట్టుకోనని వాడికి తెలుసు.

2021 మేలో మా పెదనాన్న పోయాడు. ఆసుపత్రి వాళ్లు ప్లాస్టిక్ సంచీలో చుట్టి ఇచ్చారు, జిప్పు తియ్యనివ్వలేదు. పెద్దమ్మకి కడసారి చూపు దక్కలేదు. ఊరంతా వెంట నడవాల్సిన మనిషిని ముఖాలు కూడా కనబడని నలుగురు కుర్రాళ్లు తీసుకెళ్లారు.

ఈ కథలో జబ్బు పేరు క్లోజర్ వైరస్. సోకితే ఒంటి మీద చర్మం పెంకులా గట్టిపడుతుంది, లోపల అవయవాలు కరిగిపోతాయి. ప్రపంచ జనాభాలో 15 శాతం మంది పోయారు. ఎండో దీన్ని 1997లో మొదలుపెట్టాడు. సార్స్ కూడా ఇంకా రాని రోజులవి. 'ఆఫ్టర్‌నూన్' మాసపత్రికలో 2008 దాకా సాగి, 18 సంపుటాలయింది.

పొడవాటి మొదటి అధ్యాయమంతా ఒక దీవిలోనే నడుస్తుంది. ఎనోయా, హానా అనే ఇద్దరు పిల్లలు, వాళ్లతో లేన్ అనే శాస్త్రవేత్త. ఆయనకి జబ్బు, చక్రాల కుర్చీలోనే ఉంటాడు. కొంచెం కొంచెంగా పోతున్న ఆయన పక్కనే పిల్లలు తిరుగుతూ, మాట్లాడుతూ ఉంటారు. అక్కడ పుస్తకం మూసి కాసేపు డాబా మీద కూచున్నాను.

తర్వాత కథ ఇరవై ఏళ్లు దాటేస్తుంది. ఎలైజా అనే కుర్రాడు చెరుబిమ్ అనే మరమనిషితో ఆండీస్ కొండల్లో తిరుగుతుంటాడు. ఇక కిరాయి సైనికులు, మాదకద్రవ్యాల ముఠాలు, ప్రోపాటర్ అనే సంస్థ పెత్తనం. జబ్బు ఎక్కడో వెనక్కి పోయింది. నాకు కోపమొచ్చింది, పోయినవాళ్లని ఇంత తొందరగా మర్చిపోతారా అని. చదవగా చదవగా తెలిసింది, ఎవరూ మర్చిపోలేదు. ప్రతివాళ్లూ ఎవరినో పోగొట్టుకున్నవాళ్లే. ఒక మనిషి గతమంతా ఓపిగ్గా చెప్పి, మనం దగ్గరయ్యాక చంపేస్తాడు ఎండో. ఇన్ని సంపుటాల నిడివి ఉంటేనే అది సాధ్యం. హింస మాత్రం చాలా ఎక్కువ, పిల్లల చేతికివ్వకండి.

చివరి సగంలో వైరస్ రూపం మార్చుకుని మళ్లీ వస్తుంది. ఈసారి దాని పేరు డిస్‌క్లోజర్. ముందుది ఎవరి ఒంట్లో వాళ్లని బంధించింది. ఇది మనుషుల్నీ వస్తువుల్నీ తనలో కలిపేసుకుంటుంది. మూసేసే జబ్బు తర్వాత హద్దులు చెరిపేసే జబ్బు. ఆ ఆలోచన దగ్గర నేను రోజుల తరబడి ఆగిపోయాను. ఆ జిప్పే కళ్ల ముందు ఆడుతుండేది.

మొన్న పెద్దమ్మ వస్తే మొదటి సంపుటి తీసి చూపించాను. ఆవిడకి ఇంగ్లీషు రాదు, బొమ్మలే చూసింది. లేన్ ఉన్న పేజీ దగ్గర చాలాసేపు ఆగింది.

"ఈయన్ని ఎవరే చూసుకుంటున్నారు?"

"ఇద్దరు పిల్లలు, పెద్దమ్మా."

"దగ్గరే ఉన్నారా?"

"దగ్గరే ఉన్నారు."

ఇంకో పేజీ తిప్పింది.