గవాచి తీయమని నేనెందుకు పోరుతానంటే

2025 జూన్ రెండో వారంలో నా చివరి టీబీ మాత్ర వేసుకున్నాను. ఖాళీ స్ట్రిప్ చేతిలో పట్టుకొని వాకిట్లో చాలాసేపు కూర్చున్నాను. పదమూడేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ చేత ఈ మాత్రలు మింగించి కార్డులో టిక్కు పెడుతున్నది నేనే. ఈసారి కార్డు మీద నా పేరు ఉంది.

మాది కర్నూలు జిల్లా. ఆదోని నుంచి బస్సులో ముక్కాలు గంట పడుతుంది. నేను ఇక్కడ ఆశా కార్యకర్తని. నా వంతుకు 230 ఇళ్ళు. ఊరి పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మా వైపు పాత ఇళ్ళు మట్టి మిద్దెలు. రాతి గోడలు, పైన మట్టి కప్పు, ఒకటే వాకిలి. కిటికీ ఉండదు. మా ఎండలకు చల్లగా ఉంటుందని పెద్దవాళ్ళు అట్లా కట్టుకున్నారు. వెలుతురు కోసం కప్పులో ఒక గవాచి, అంటే చిన్న కంత, పెట్టుకుంటారు. వాన వస్తే దాని మీద బండ మూస్తారు. వాన పోయినా ఆ బండ మాత్రం చాలా ఇళ్ళలో తీయరు. దుమ్ము పడుతుందని, పిల్లి దూకుతుందని ఏదో ఒకటి చెబుతారు. ఆ చీకట్లో మంచం మీద దగ్గుతూ ఒక మనిషి ఉంటాడు. పక్కన కూర్చుని వివరాలు రాసుకునేది నేను.

టీబీ గాలి ద్వారా వస్తుందని శిక్షణలో మాకు చెప్పారు. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు కూడా తుంపర్లు వస్తాయి. పెద్దవి నేల మీద పడిపోతాయి. కంటికి కనపడని సన్నవి గాలిలో తేలుతూ గంటల తరబడి ఉంటాయి. ఆ మనిషి లేచి పొలానికి పోయినా, మూసిన ఇంట్లో ఆ గాలి అక్కడే ఉంటుంది. తట్టా చెంబూ విడిగా పెట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు, టీబీ పాత్రల వల్ల రాదు, బట్టల వల్ల రాదు. ఈ మాట నేను వందల ఇళ్ళలో చెప్పాను. కానీ ఆ గాలే నేనూ పీలుస్తున్నానని అంత గట్టిగా ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నా రిజిస్టర్‌లో పేరున్న రోగి వల్ల నాకు భయం తక్కువ. మందు సరిగ్గా పడితే కొన్ని వారాల్లోనే ఆ మనిషి నుంచి వేరేవాళ్ళకు అంటుకోవడం బాగా తగ్గిపోతుంది. భయమల్లా ఇంకా రిజిస్టర్‌లో ఎక్కని మనిషితోనే. "ఏం లేదక్కా, బీడీ దగ్గు" అంటూ నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చే మనిషి. బెంగళూరులో బేల్దారి పనికి పోయి, బక్కచిక్కి తిరిగొచ్చిన పిల్లోడు. వాళ్ళ దగ్గరికి నేను టీబీ పని మీద పోను. బాలింతను చూడడానికో, సర్వేకో, టీకాకు పిలవడానికో పోతాను. మాస్కు సంచిలోనే ఉంటుంది.

కోవిడ్ అప్పుడు మమ్మల్ని అందరూ చూశారు. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలోనే మా కర్నూలు జిల్లాలో కేసులు ఎక్కువ. డ్వాక్రా అక్కలు కుట్టిన గుడ్డ మాస్కు కట్టుకొని ఇంటింటికీ తిరిగాను. కోవిడ్ పనిలో చనిపోతే 50 లక్షల బీమా అని కేంద్రం చెప్పింది, అందులో ఆశాలనూ కలిపింది. 2021 జనవరి 16న టీకా మొదలైనప్పుడు ముందు వరుస మాదే. 2022 మేలో దేశంలోని ఆశాలందరికీ కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు ఇచ్చింది. ఆ రోజు మా ఆయన ఫోన్‌లో వార్త చూపిస్తే ఏడ్చేశాను. నేను బాధపడేది ఒక్కదానికే. టీబీ కోవిడ్ కంటే ముందు నుంచీ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆరోగ్య సిబ్బందికి ఈ జబ్బు ముప్పు మామూలు జనం కంటే ఎక్కువని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అయినా "నీకు దగ్గు ఉందా?" అని పదమూడేళ్ళలో నన్ను అడిగిన వాళ్ళు లేరు.

2024 దీపావళి అయ్యాక నాకు దగ్గు మొదలైంది. పత్తి తీసే కాలం, ఊరంతా పత్తి నూగు ఎగురుతూ ఉంటుంది, అదేలే అనుకున్నాను. రెండు వారాలు దాటిన దగ్గు అంటే తెమడ పరీక్ష చేయించాలి. ఈ వాక్యం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ నా దగ్గుకు 26 రోజులు ఆగాను. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. గర్భిణీలను తూచే మిషన్ మీద నేనెక్కితే 49 కిలోలు. అంతకుముందు 54 ఉండేదాన్ని.

ఎందుకు ఆగానో దాచకుండా చెబుతాను. భయం. జబ్బు అంటే కాదు, మందు ఉందని నాకు తెలుసు. ఊరంటే భయం. కాన్పు అయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజులకు పోయి పసిబిడ్డను ఎత్తుకొని తూకం చూసేది నేనే. టీబీ ఉన్న ఆశాని ఏ తల్లి గడప తొక్కనిస్తుంది? ఇదే టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. అంతకంటే పెద్ద భయం ఒకటి తర్వాత వచ్చింది, ఇప్పటికీ పోలేదు. ఆ 26 రోజుల్లో నేను ఇద్దరు పసిబిడ్డలను ఎత్తుకున్నాను.

చివరికి నా చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది మా ఏఎన్ఎం మేడమ్. తెమడలో టీబీని పట్టే ట్రూనాట్ మిషన్‌లో పెడితే ఆ రోజే తేలింది. టీబీ ఉంది, రిఫాంపిసిన్ మందుకు లొంగేదే. 49 కిలోలకు రోజుకు మూడు మాత్రలు, మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసినవి, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడొద్దని నేను అందరికీ చెప్పే మాటే. అయినా మొదటి రోజు పొద్దున నా గుండె గుబేలుమంది. ఆ ఇద్దరు బిడ్డలనూ డాక్టర్ గారు పిలిపించి చూశారు, ఇద్దరూ బాగున్నారు. తొమ్మిదేళ్ళ నా కూతురికి జబ్బు లేదని తేలాక, రాకుండా ఉండడానికి ఆరు నెలలు ఐసోనియాజిడ్ వేశాం. ఎవరి దగ్గర నాకు అంటిందో తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. ఊరి పేరు రాయనన్నది అందుకే.

టీబీ రోగుల తిండికి సర్కారు ఇచ్చే నిక్షయ్ డబ్బు నెలకు 500 ఉన్నది 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. అదీ నా ఖాతాలో పడింది. కోడిగుడ్లు, చెనక్కాయలు, పప్పు కొనుక్కున్నాను. మొదటి వారాలు ఇంట్లోనే ఉంటే, పక్క ఊరి ఆశా నా ఇళ్ళు కూడా తిరిగింది. ఆమె రుణం నేను తీర్చుకోలేను.

ఇప్పుడు నేను పని చేసే తీరు మారింది. పసిబిడ్డల ఇళ్ళకు పొద్దున్నే ముందు పోతాను. దగ్గు ఉన్న ఇళ్ళకు చివర్న. మాట్లాడేది ఇంట్లో కాదు, వాకిట్లోనో కట్ట మీదో. పరీక్షకు గళ్ల, అదే తెమడ, తీయించేటప్పుడు మనిషిని వేపచెట్టు కిందికి తీసుకుపోతాను, నేను గాలి వచ్చే వైపు నిలబడతాను. ట్యూబు మూత బిగించాకే దగ్గరికి పోతాను. లోపలికి పోక తప్పకపోతే ముందు గవాచి బండ తీయమంటాను. ఎండ పడితే ఆ క్రిమి చస్తుంది, గాలి ఆడితే పలచబడుతుంది. ఒక్క పైసా ఖర్చు లేదు. ఒక అవ్వ మొదట ఒప్పుకోలేదు. "దుమ్ము పడుతుంది కదమ్మా" అంది. మిద్దెక్కి బండ తీసి, గవాచికి దోమతెర గుడ్డ కట్టి వచ్చాను. ఇప్పుడు ఆమే ఇంకో ఇంటికి చెబుతోంది.

మాస్కు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా వాళ్ళకే సరిగ్గా తెలియదు. ఆకుపచ్చ సర్జికల్ మాస్కు రోగికి కడితే మంచిది, అతని తుంపర్లు అక్కడే ఆగుతాయి. అదే నేను కట్టుకుంటే సన్నటి తుంపర్లు పక్క సందుల్లోంచి నా ముక్కులోకి వస్తాయి. నాకు కావలసింది ఎన్95. అది కూడా ముఖానికి గట్టిగా అతుక్కుంటేనే. పై పట్టీ నడినెత్తి మీదికి, కింది పట్టీ మెడ మీదికి రావాలి. కొప్పు పెట్టుకుంటే పై పట్టీ జారుతుంది, అందుకే పనికి పోయే రోజు జడ వేసుకుంటున్నాను. దాన్ని ఉతకకూడదు. ఆరబెట్టి కాగితం కవర్‌లో పెట్టుకోవాలి, పట్టీ వదులైతే పారేయాలి. మాకు ఒకసారి రెండు ఇచ్చి నెలల తరబడి వాడుకోమన్నారు. పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకున్న వాళ్ళున్నారు. ఇది సరికాదు. చేతికి గ్లౌజులు మాత్రం పెట్టెలు పెట్టెలు ఇస్తారు, గాలిలో వచ్చే జబ్బును గ్లౌజు ఎట్లా ఆపుతుంది?

మాస్కు కట్టుకుంటే ఇంటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. "మమ్మల్ని చూసి మూతి కట్టుకుంటాండావా అక్కా?" అని ఒక వదిన ముఖం మీదే అడిగింది. అప్పుడు నా జబ్బు సంగతి చెప్పాను. ఊళ్ళో నేను నోరు తెరిచి చెప్పిన మొదటి మనిషి ఆమే. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత వాళ్ళాయనను పిలిచి, "సుగ్గికి పోయేలోపు నువ్వు కూడా గళ్ల ఇచ్చిపో" అంది. మిరపకాయల పనికి గుంటూరు వైపు పోయే కుటుంబం వాళ్ళది. మందు మొదలుపెట్టినా మధ్యలో ఊరు విడిచిపోతామని చాలామంది అసలు పరీక్షకే రారు. టీబీ రోగిగా నమోదైనప్పుడు ఇచ్చే నిక్షయ్ నంబరు ఉంటే అక్కడి సర్కారు ఆసుపత్రిలోనే మందు తీసుకోవచ్చని ఆ నంబరును వాళ్ళ ఆధార్ కవర్ మీద రాసిచ్చాను.

జూలైలో ఆశా డే మీటింగులో లేచి నిలబడ్డాను. మాకు ఏడాదికి ఒకసారి ఎక్స్‌రే తీయండి, నెలనెలా దగ్గు ఉందా అని అడగండి, జబ్బు పడితే గౌరవ వేతనం కోయకండి అని అడిగాను. పైకి రాస్తామన్నారు. సరే, అది వచ్చేలోపు మేమే మొదలుపెట్టాం. మీటింగు రోజున మేం పదకొండు మందిమీ గర్భిణీలను తూచే మిషన్ మీద ఒకరి తర్వాత ఒకరం ఎక్కుతాం. బరువులు నా పాత రిజిస్టర్ చివరి పేజీలో రాస్తున్నాను. దగ్గు, జ్వరం ఉన్నాయా అని ఒకరినొకరం అడుగుతాం.

మా అందరిలో చిన్నది, పోయిన ఏడాదే చేరిన పిల్ల, ఈ మూడు నెలల్లో మూడు కిలోలు తగ్గింది. దగ్గు లేదంటుంది. నిన్న ఫోన్‌లో మాట్లాడుతుంటే రెండుసార్లు దగ్గింది. రేపు పొద్దున తొలి బస్సుకు వాళ్ళ ఊరికి పోతున్నాను. సంచిలో రెండు ట్యూబులు పెట్టుకున్నాను, ఒకటి రేపు అక్కడే తీయడానికి, ఇంకొకటి ఎల్లుండి నిద్ర లేవగానే తనే తీసి పెట్టడానికి.