మన నిద్ర లెక్క మన ఫోన్ దాటి పోవాలా?

స్మార్ట్‌వాచీ డేటా మీద పనిచేస్తున్నానంటే, అడుగులు లెక్కపెట్టడమేగా అంటారు చాలామంది. అదే వాచీ మనం ఎప్పుడు పడుకున్నామో, గుండె ఎప్పుడు దడదడలాడిందో కూడా రాసిపెడుతుంది. 2018 జనవరిలో, పరుగులు, సైకిల్ సవారీలు నమోదు చేసే స్ట్రావా యాప్ వాళ్ల మ్యాప్‌లో సైనికులు జాగింగ్ చేసిన దారులు వెలిగి, సైనిక స్థావరాల ఆనవాళ్లు బయటపడ్డాయి. ఆ మ్యాప్‌లో ఒక్కరి పేరు కూడా లేదు!

ఫెడరేటెడ్ లెర్నింగ్ మీద నాకు ఇంత ఇష్టం అందుకే. ఇందులో సర్వర్ ఒక మోడల్‌ని, అంటే డేటా చూసి అంచనా వేయడం నేర్చుకునే అంకెల గుంపుని, ఫోన్‌కి పంపుతుంది. ఫోన్ తన యజమాని డేటాతో దానికి నేర్పి, మారిన అంకెల్ని మాత్రమే వెనక్కి పంపుతుంది. సర్వర్ వాటి సగటు తీస్తుంది. ఆ అంకెల నుంచి కూడా కూపీ లాగొచ్చు కాబట్టి కొంచెం నాయిస్, అంటే కావాలని వేసే చిన్న చిన్న తేడాలు, కలుపుతాం.

అసలు చిక్కు ఆ సగటు దగ్గరే. నైట్ డ్యూటీ నర్సు పగలు పడుకుంటుంది. రాత్రి పడుకునేవాళ్ల డేటాతో నేర్చుకున్న మోడల్ ఆమె నిద్రని సరిగ్గా పోల్చుకోలేదు. అందుకని మోడల్‌లో ఆఖరి నిర్ణయం చెప్పే చివరి పొరల్ని ఆమె ఫోన్‌లోనే విడిగా ఉంచి నేర్పుతాం. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే.

యూరప్‌లో పరిశోధకులకు నిధులిచ్చే మేరీ క్యూరీ పథకం కింద పీహెచ్‌డీ విద్యార్థులకు శిక్షణ ఇచ్చిన రైస్ ప్రాజెక్టు, గ్రీస్, సైప్రస్, ఇటలీ, స్వీడన్‌లలో 71 మంది చేతికి ఫిట్‌బిట్ సెన్స్ వాచీ పెట్టించి, నాలుగు నెలలకు పైగా డేటా సేకరించింది. లైఫ్‌స్నాప్స్ పేరుతో, పేర్లు తీసేసి, దాన్ని అందరికీ ఇచ్చేసింది. బీటెక్ ప్రాజెక్టు కోసం వెతుకుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, దాన్ని డౌన్‌లోడ్ చేసుకోండి. ఒక్కో మనిషి డేటానీ విడగొట్టి, ఒక్కో ఫోన్‌లో ఉన్నట్టు అనుకుని, మోడల్ నడిపి చూడండి.